తరగతి గదిలో ఎందరు?



తరగతి గది పిల్లలతో క్రిక్కిరిసి యున్నచో బడికి మంచి పేరు వచ్చినదని కొందరు సంతోషింతురు. ఆ సంతోషము కొంతవరకే న్యాయము. 40 నిమిషముల పీరియడులో 60 మంది యున్నచో, ఉపాధ్యాయుడు పాఠము మాని ఒక్కొక్కరిని పలుకరించినను ఒక్కొక్కరికి దక్కునది 40 సెకండ్లే. అట్టి తరగతులు నాలుగు చెప్పు గణితోపాధ్యాయుని బల్లపై 240 నోటు పుస్తకములు పేరుకొనును. పుస్తకమునకు నిమిషము చొప్పున వెచ్చించినను అది నాలుగు గంటల పని. కావున టిక్కు పడును గాని తప్పు దిద్దబడదు. ఆరవ తరగతిలో భిన్నముల కూడికలో దొరలిన పొరపాటు ఎనిమిదవ తరగతి బీజగణితములో మరల తలయెత్తును. అప్పుడు పిల్లవానిది మందబుద్ధి యందురు!

ఇది క్రొత్తగా పుట్టిన చింత కాదు. 1952లో కేంద్ర ప్రభుత్వము మదరాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన మాధ్యమిక విద్యా కమిషనును నియమించెను. అప్పటికి చిత్తూరు జిల్లా మదరాసు రాష్ట్రములోనే యున్నది. తరగతికి 30 మంది యుండుట మేలనియు, 40 మించరాదనియు, బడి మొత్తమునకు 500 మంది మేలు, 750 హద్దు అనియు ఆ కమిషను చెప్పెను. గదిలో పిల్లవానికి 10 చదరపు అడుగులకు తగ్గరాదని కూడ చెప్పెను. అనగా ఇరువది అడుగుల చదరపు గదిలో 40 మంది. అందే 60 మందిని కూర్చుండబెట్టినచో ఉపాధ్యాయుడు వెనుక వరుసకు పోవు దారియే మూసికొనిపోవును.

2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 6 నుండి 8 వరకు గల తరగతులకు 35 మంది పిల్లలకొక ఉపాధ్యాయుడుండవలెనని నిర్ణయించినది. ఇందొక మెలిక కలదు. ఒక బడిలో 210 మంది పిల్లలు, ఆరుగురు ఉపాధ్యాయులు ఉన్నారనుకొనుడు. కాగితముపై లెక్క సరిపోయినది. కాని గదులు నాలుగే యున్నచో గదికి 52 మందికి పైబడుదురు. ఇద్దరుపాధ్యాయులు ప్రతి పీరియడునను తీరికగా నుందురు. ఉపాధ్యాయునికొక గది యుండవలెనని కూడ ఆ చట్టమే చెప్పుచున్నది. అందరును మొదటి మాటనే తలతురు, రెండవది మరుగున పడును.

ఆంధ్రప్రదేశములో 2022లో వెలువడిన 117వ సంఖ్య గల ప్రభుత్వోత్తర్వు వలన పలుచోట్ల 3, 4, 5 తరగతులు సమీపమందలి ఉన్నత పాఠశాలలకు చేరినవి. చిన్నపిల్లలకు కూడ విషయమునకొక ఉపాధ్యాయుడు దొరకవలెనన్న తలంపు మంచిదే. గదులు సిద్ధము కాకమున్నే పిల్లలు వచ్చిన చోట మాత్రము ఇరుకు హెచ్చినది. 2025లో ఆ ఉత్తర్వు రద్దయినది.

బైరెడ్డిపల్లె కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు చేరువ నున్నది. ఇట్టి సీమలో ఇంట తమిళమో, కన్నడమో, ఉర్దువో మాటాడి బడికి వచ్చు బిడ్డలుందురు. వారు మొదట ఒకటి రెండు మాటలు తడబడుచు పలుకుదురు. వాటిని వినుటకు చెవి యొగ్గువాడు కావలెను. 60 మంది సందడిలో ఆ బిడ్డ నోరు మెదపకయే మూడేండ్లు గడపగలదు. హాజరు పట్టీలో నామె పేరు ప్రతిదినము నుండును!

దీనికి దిక్కెవ్వరని అడుగనక్కరలేదు. అదే చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సంరక్షకులే. బడికి కావలసిన గదులను, ఉపాధ్యాయులను చూపుచు అభివృద్ధి ప్రణాళిక వ్రాయు బాధ్యత ఆ కమిటీదే. సమావేశమునకు పోయి, కాఫీ త్రాగి, సంతకము చేసి వచ్చుట కొందరి వాడుక. ఈసారి పోవువారు కొలత టేపు నొకటి వెంట గొనిపోవుదురు గాక. గది పొడవు వెడల్పులు కొలిచి, గుణించి, ఆనాడు అందు కూర్చున్న పిల్లల సంఖ్యచే భాగించి, వచ్చిన అంకెను తీర్మానముల పుస్తకములో తేదీతో సహా వ్రాయించుదురు గాక.