గట్టిగా తొక్కితే చైను ఎందుకు జారుతుంది?



ఈనాటి పాఠానికి ప్రయోగశాల అక్కర్లేదు. మీ ఇంటి గోడకు ఆనించి ఉన్న సైకిలు, ఒక స్కేలు, ఒక సుద్దముక్క ఉంటే చాలు. అది గేర్లున్న సైకిలైతే, అందులోనూ కొండదారుల కోసం తయారైన మౌంటెన్ బైకైతే మరీ మంచిది.

ముందుగా ఒక సంఘటన చెబుతాను. మా వీధిలో ఇంటర్మీడియట్ చదివే అబ్బాయి ఒకడు రోజూ మౌంటెన్ బైకు మీద కాలేజీకి వెళ్తాడు. ఒకరోజు ఫ్లైఓవర్ ఎక్కుతూ, సీటు మీంచి లేచి, బరువంతా పెడలు మీద వేసి తొక్కాడు. టక్కుమని చప్పుడైంది. కాలి కింద పెడలు ఒక్కసారిగా ఖాళీగా దిగిపోయింది. మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది, అబ్బాయి రోడ్డు మీద పడ్డాడు. వెనుక వస్తున్న బస్సు డ్రైవరు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి మోకాలి దెబ్బతో బయటపడ్డాడు.

ఆ సాయంత్రం సైకిలు నడిపించుకుంటూ మా ఇంటికి వచ్చాడు. "మాస్టారూ, వారం కిందటే కొత్త చైను వేయించాను. అప్పటినుంచే ఈ జారుడు. నాకు నకిలీ చైను అంటగట్టారు. అడిగితే ఇంకో కొత్త చైను వేశారు. అదీ జారుతోంది" అన్నాడు.

ఆలోచించండి. పాత చైను జారలేదు. కొత్త చైను జారుతోంది. మరి లోపం కొత్తదానిదేనా? తొందరపడి జవాబు చెప్పకండి. ముందు చైను ఎలా పనిచేస్తుందో చూద్దాం.

సైకిలు చైనుకు రోలర్ చైను అని పేరు. స్విట్జర్లాండులో పుట్టి, ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో దీనికి పేటెంటు పొందారు. రెండు పక్కలా ఉక్కు పలకలు, వాటిని కలిపే పిన్ను, పిన్ను చుట్టూ తిరిగే చిన్న రోలరు, ఇదీ దాని నిర్మాణం. ఒక పిన్ను నడిమి నుంచి పక్క పిన్ను నడిమి వరకు సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మి.మీ. పళ్లచక్రం మీద పంటికీ పంటికీ మధ్య దూరాన్ని కూడా ఈ కొలతకు సరిపోయేలాగే కోస్తారు. రోలర్లు పళ్ల మధ్య గుంటల్లో కూర్చుంటాయి, చైను లాగితే చక్రం తిరుగుతుంది.

ఇప్పుడు ఆ చైను మీద ఎంత బలం పడుతుందో లెక్క వేద్దాం. మీ బరువు 60 కిలోలు అనుకోండి. ఒకే పెడలు మీద నిలబడితే దాదాపు 600 న్యూటన్ల బలం పడుతుంది. పెడలును మోసే క్రాంకు పొడవు సాధారణంగా 170 మి.మీ. ముందు పళ్లచక్రానికి 32 పళ్లుంటే దాని వ్యాసార్థం సుమారు 65 మి.మీ. క్రాంకు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు, మీరు చదువుకున్న బలభ్రామక సూత్రం ప్రకారం 600ను 170తో గుణించి 65తో భాగించండి. 1,570 న్యూటన్లు వస్తుంది. అంటే 160 కిలోల బరువును ఆ సన్నని చైనుకు వేలాడదీసినట్టు!

ఇంకో విశేషం. ఎత్తు ఎక్కడానికి ముందువైపు 22 పళ్ల చిన్న చక్రానికి మారారనుకోండి. దాని వ్యాసార్థం సుమారు 44.5 మి.మీ. మాత్రమే. అదే కాలు, అదే బలం. చైను మీద లాగుడు మాత్రం సుమారు 2,290 న్యూటన్లకు పెరుగుతుంది. చదునైన రోడ్డు మీద బుద్ధిగా నడిచే సైకిలు ఎత్తు మీద ఎందుకు మొండికేస్తుందో ఇప్పుడు అర్థమైందా? లోపం అంతకుముందే ఉంది. బలం పడినప్పుడే అది బయటపడుతుంది.

ఇక అరుగుదల సంగతి. 'చైను సాగింది' అని మనం అంటూ ఉంటాం. నిజానికి ఉక్కు పలకలు రబ్బరులా సాగవు. హుక్ నియమం ప్రకారం లాగినప్పుడు అతి స్వల్పంగా సాగినా, బలం తీసేయగానే మళ్లీ మామూలు పొడవుకు వస్తాయి. అరిగేవి పిన్నులు, అవి తిరిగే రంధ్రాల లోపలి అంచులు. నూనెలో కలిసిన దుమ్ము సానరాయి పొడిలా పనిచేసి వాటిని కొద్దికొద్దిగా తినేస్తుంది. ప్రతి పిన్ను దగ్గరా ఒక కాగితం మందమంత వదులు ఏర్పడితే చాలు, అవన్నీ కలిసి చైను పొడవు పెరుగుతుంది.

పొడవు పెరిగిన చైనులో రోలర్ల మధ్య సగటు దూరం అర అంగుళాన్ని దాటుతుంది. అది పంటి గుంటలో సరిగా అడుగున కూర్చోక, కాస్త పైకి జరిగి పంటిని నొక్కుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ ఒత్తిడికి పళ్లు ఒకవైపు తినుకుపోయి కొక్కెంలా వంగినట్టు తయారవుతాయి. అంటే అరిగిన చైను తన కొలతకు తగ్గట్టు పళ్లచక్రాన్ని అరగదీసుకుంటుంది. పాత చెప్పు కాలికి అలవాటు పడినట్టు రెండూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. అందుకే పాత చైను పాత పళ్ల మీద జారదు.

అలాంటి పళ్ల మీద సరైన కొలత ఉన్న కొత్త చైను వేస్తే ఏమవుతుంది? రోలరు గుంట అడుగుకు దిగలేదు, కొక్కెం వాలు మీదే ఆగుతుంది. నెమ్మదిగా తొక్కినంతసేపు ఎలాగో నిలుస్తుంది. గట్టిగా లాగగానే వాలు ఎక్కి, పంటిని దాటి, టక్కుమని పక్క గుంటలో పడుతుంది. మా వీధి అబ్బాయి ఫ్లైఓవర్ మీద విన్న చప్పుడు అదే.

ఇది నా ఊహ కాదని తేల్చడానికి కొలిచి చూశాం. అదృష్టవశాత్తు పాత చైను వాళ్లింట్లో మేకుకు వేలాడుతూనే ఉంది. మీరూ ఇలా కొలవవచ్చు. చైను బిగువుగా ఉండగా స్కేలు సున్నాను ఒక పిన్ను నడిమికి ఆనించండి. కొత్త చైనులో 24 లంకెల తరువాతి పిన్ను నడిమి భాగం సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. ఆ పిన్ను గీతను దాటి అంగుళంలో పదహారో వంతు, అంటే దాదాపు 1.6 మి.మీ. అవతలకు వెళితే అరుగుదల సుమారు అర శాతం. అప్పుడే చైను మార్చుకోవడం మేలు. ఎనిమిదో వంతు అంగుళం, అంటే దాదాపు 3.2 మి.మీ. దాటితే అరుగుదల ఒక శాతం. అప్పటికి పళ్లు కూడా పాడై ఉండే అవకాశం ఎక్కువ. మా అబ్బాయి పాత చైను ఆ ఎనిమిదో వంతునూ దాటిపోయింది.

అయితే చైను జారుడుకు కారణం ఎప్పుడూ ఇదే కాదు. డాక్టరు రోగిని ప్రశ్నలడిగినట్టు సైకిలును కూడా నాలుగు ప్రశ్నలు అడగాలి.

మొదటి ప్రశ్న: ఎప్పుడు మొదలైంది? కొత్త చైను వేసిన తరువాతైతే పళ్ల అరుగుదలను అనుమానించండి. సైకిలు కుడివైపుకు పడిన తరువాతైతే, వెనుక గేరు మార్చే డీరైలర్‌ను పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క వంగి ఉండవచ్చు. వెనుక నిలబడి చూడండి. డీరైలర్‌లోని రెండు చిన్న చక్రాలు, వాటిపైనున్న పళ్లచక్రం ఒకే నిలువు గీతలో కనిపించాలి.

రెండో ప్రశ్న: ఏ గేర్లలో జారుతోంది? మీరు ఎక్కువగా వాడే రెండు మూడు గేర్లలోనే జారి, మిగతావాటిలో జారకపోతే ఆ పళ్లచక్రాలు అరిగాయని అర్థం. చిన్న చక్రాలు త్వరగా అరుగుతాయి. 11 పళ్ల చక్రం మీద చైను సగం చుట్టే చుట్టుకుంటుంది కాబట్టి బరువంతా అయిదారు పళ్ల మీదే పడుతుంది. అలా కాక, చాలా గేర్లలో కరకర శబ్దం వస్తూ చైను పక్క చక్రం మీదికి ఎక్కబోతూ ఉంటే, కేబుల్ బిగువు తప్పిందన్నమాట. కేబుల్ చివర ఉన్న మరను ఒకేసారి పావు చుట్టు మాత్రమే తిప్పి, ప్రతిసారీ తొక్కి చూడండి.

మూడో ప్రశ్న: జారుడుకు లయ ఉందా? ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. మౌంటెన్ బైకు చైనులో సుమారు 116 లంకెలుంటాయి అనుకుందాం. ముందు చక్రానికి 32 పళ్లుంటే, చైను పూర్తిగా ఒకసారి తిరిగి రావడానికి పెడళ్లు మూడున్నర చుట్లకు పైగా తిరగాలి. ఏ గేరులోనైనా సరిగ్గా ఆ లయలోనే ఎగిరిపడుతుంటే చైనులో ఒక లంకె బిగుసుకుపోయిందని తెలుసుకోండి. పెడలును చేత్తో వెనక్కి నెమ్మదిగా తిప్పుతూ చూస్తే డీరైలర్ చక్రాల దగ్గర ఆ లంకె వంగకుండా పైకి లేస్తుంది. పెడలు ఒక చుట్టుకు ఒకసారి ఎగిరిపడితే ముందు చక్రంలో, వెనుక చక్రం చుట్టుకు ఒకసారైతే వెనుక పళ్లచక్రంలో వంగిన పన్ను వెతకండి.

నాలుగో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం: జారుతున్నది నిజంగా చైనేనా? వెనుక చక్రంలో ఒకవైపు మాత్రమే పట్టే యంత్రాంగం ఉంటుంది. అందులోని చిన్న ఉక్కు నాలుకలు, ముందుకు తొక్కినప్పుడు లోపలి గాడుల్లో పడి చక్రాన్ని తిప్పుతాయి. వాటి స్ప్రింగులు బలహీనపడినా, మురికి, గట్టిపడిన గ్రీజు చేరినా నాలుకలు పట్టు తప్పుతాయి. కాలికి తెలిసే కుదుపు ఒకటే, కారణం వేరు. తేడా కనిపెట్టడానికి సుద్దముక్క చాలు. చైను లంకె మీద, దాని కిందనున్న పళ్లచక్రం మీద, చక్రం పుల్ల మీద ఒకే వరసలో గీత గీయండి. వెనుక బ్రేకు గట్టిగా పట్టి, సైకిలు పక్కన నిలబడి, పెడలును చేత్తో బలంగా నొక్కండి. చైను గీత పళ్ల గీతను దాటి జరిగితే చైను జారుతోంది. చైను, పళ్లు కలిసే జరిగి, పుల్ల మీది గీత మాత్రం కదలకపోతే లోపం ఆ నాలుకలది. అది వెంటనే మెకానిక్‌కు అప్పగించవలసిన పని. ఈ పరీక్షలో వేళ్లు చైనుకు దూరంగా ఉండాలి. ఇంకొకరు పెడలు తిప్పుతుండగా చైను దగ్గర చేయి పెట్టకండి.

మా అబ్బాయి సైకిలుకు నాలుగు ప్రశ్నలూ వేశాం. కొత్త చైను తరువాత మొదలైంది. రోజూ వాడే రెండు గేర్లలోనే జారుతోంది. లయ లేదు. సుద్ద గీతల్లో జరిగింది చైనే. వెనుక పళ్లచక్రాల కట్ట మార్పించాడు. ఆ తరువాత అదే చైనుతో, అదే ఫ్లైఓవర్ ఎక్కాడు, జారలేదు.

"మాస్టారూ, పాత చైనే మళ్లీ వేసుకుని ఉంటే డబ్బు మిగిలేది కదా" అన్నాడు. మంచి ప్రశ్నే. కొంతకాలం నడిచేది. కానీ అరుగుదల ఆగదు, చివరికి ముందు చక్రాన్ని కూడా మార్చాల్సి వచ్చేది. చైను ధర తక్కువ, పళ్లచక్రాల కట్ట ధర ఎక్కువ. చైనును వేళకు మారిస్తే ఒకే కట్ట రెండు మూడు చైనులకు పనికొస్తుంది. చైనును పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క నూనె వేసి, కాసేపాగి పైనున్న నూనెను మళ్లీ తుడిచేయండి. నూనె కావలసింది లోపల. పైనున్నది దుమ్మును పట్టడానికే పనికొస్తుంది.

మిత్రులారా, ఈ చిన్న కథలో ఒక పెద్ద విషయం ఉంది. చివరగా ఏది మార్చామో దాని మీదే నింద వేయడం మన అలవాటు. ఇక్కడ కొత్త చైను చేసిన తప్పేమీ లేదు, పాత లోపాన్ని బయటపెట్టిందంతే. ఒకేసారి నాలుగు భాగాలు మార్చి ఉంటే సైకిలు బాగయ్యేదేమో కానీ, కారణం మనకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఒక్కసారి ఒక్కటే మార్చాలి, ప్రతి మార్పు తరువాత పరీక్షించాలి, కొలిచినదాన్ని రాసుకోవాలి. విజ్ఞాన శాస్త్రం మనకు నేర్పే పద్ధతి ఇదే.

ఈ ఆదివారం మీ సైకిలు చైను కొలిచి, తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి. నెలకొకసారి మళ్లీ కొలవండి. చైను జారుతున్న సైకిలు మీద మాత్రం, కారణం తేలేవరకు, నిలబడి తొక్కకండి, రద్దీ రోడ్డెక్కకండి. అది మీ మోకాలికీ, ప్రాణానికీ సంబంధించిన విషయం.