రేంజ్ సరే, ప్లగ్ ఎక్కడ?

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువ మంది అడిగింది ఒకటే: "బ్రో, ఎలక్ట్రిక్ కారు ఇప్పుడు కొనొచ్చా?" నేను తిరిగి ఒకటి అడుగుతా. రాత్రిపూట మీ కారు ఎక్కడ పెడతారు?

ముందు రేంజ్ సంగతి చూద్దాం. 2020లో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీలో బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్, ఏఆర్ఏఐ సర్టిఫికెట్ ప్రకారం రేంజ్ 312 కిలోమీటర్లు. అది టెస్ట్ లెక్క. ఏ కంపెనీ కారైనా రోడ్డు మీద అంత రాదు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 275. కాగితం మీద ఒక్క చార్జ్‌తో వెళ్లిపోవాలి కదా? హైవే స్పీడ్‌లో కష్టం. సిటీలో బ్రేక్ వేసినప్పుడల్లా మోటారే జనరేటర్‌లా మారి కొంత కరెంటు వెనక్కి ఇస్తుంది. హైవేలో ఆ చాన్స్ తక్కువ, పైగా గాలి. 80లో వెళ్లేవాడు 100 ఎక్కిస్తే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అంటే పెట్రోల్ కారుకి పూర్తిగా రివర్స్!

మధ్యలో సూర్యాపేట దగ్గర ఆగి ఫాస్ట్ చార్జింగ్ పెట్టారనుకోండి. మీ ఫోన్ లాగే 80 శాతం దాకా పరుగు, తర్వాత నడక. నిండిన సెల్‌లోకి కరెంటు గట్టిగా తోస్తే దెబ్బతింటుంది, అందుకే కారే తగ్గించేస్తుంది. 80కి తీసేసి బయల్దేరడమే. మీ ముందు ఇంకో రెండు కార్లుంటే మాత్రం టీ కాదు, భోజనమే చేసేయొచ్చు.

అయినా విజయవాడ నెలకి ఎన్నిసార్లు వెళ్తాం? రోజూ ఆఫీసుకి 40 కిలోమీటర్లు తిరిగేవాడికి ఈ రేంజ్ ఎక్కువే. అసలు చిక్కు సెల్లార్‌లో ఉంది. మామూలు 15 యాంప్స్ ప్లగ్ ఉంటే ఆ బ్యాటరీ 10 గంటల్లో నిండుతుంది. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 250 చుట్టూ. ప్లగ్ లేకపోతే? బయటి చార్జర్ రేటు, క్యూ, మీ ఆదివారం, అన్నీ పోతాయి.

మా అపార్ట్‌మెంట్‌లో అడిగితే "నీ కారు కరెంటు అందరి బిల్లులోనా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే! మన ఫ్లాట్ మీటర్ నుంచే వైరు లాగాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. ఇంటి కనెక్షన్‌తోనే చార్జ్ చేసుకోవచ్చని 2022 కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది. కానీ నాది అద్దిల్లు. ఓనర్ అంకుల్ గోడకి డ్రిల్ పెట్టనివ్వరు. అందుకే, నిజం చెప్తున్నా, నేను ఇంకా పెట్రోలే కొట్టిస్తున్నా.

తెలంగాణలో 2024 నవంబర్ నుంచి 2026 చివరి దాకా ఈవీలకి రోడ్ ట్యాక్స్ లేదు. మంచిదే, కానీ ఆ మాఫీతో సెల్లార్‌లోకి వైరు రాదు కదా. బుకింగ్ డబ్బులు కట్టేముందు ఒకసారి కిందికి దిగి మీ మీటర్ బోర్డు నుంచి పార్కింగ్ దాకా ఎంత దూరమో కొలవండి. ఎన్ని మీటర్లొచ్చిందో, మీ అసోసియేషన్ వాళ్లు ఏమన్నారో కామెంట్స్‌లో పెట్టండి.