పిల్లల గొంతు జెండా కర్ర కాదు

(పల్లెల్లో పిల్లల పాట బృందాలు నడిపే కార్యకర్తల తరగతిలో ఒక అక్క చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు పాట ఎట్లా నేర్పాలో చెప్పమని నన్ను పిలిచారు. చెప్తాను. కానీ అంతకన్నా ముందు నేర్పేవాళ్ళ గురించి నాలుగు మాటలు మాట్లాడాలి. పిల్లలు ఎట్లా ఉండాలో మనం రోజూ చెప్తానే ఉంటాం. పిల్లల్ని నడిపేవాళ్ళు ఎట్లా ఉండాలో కూర్చుని మాట్లాడుకున్నది మాత్రం తక్కువ.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా నాయన డప్పు వాయించేవాడు. 1985 జూలై 17న కారంచేడులో మనవాళ్ళని వెంటాడి చంపినప్పుడు నాకు పన్నెండేళ్ళు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాల చేరినవాళ్ళు చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మా నాయన అక్కడికి బియ్యం మూట మోసుకుపోతూ నన్ను కూడా తీసుకుపోయాడు. రాత్రయితే పాటలు. పెద్దవాళ్ళు ఎత్తుకుంటే మేం పిల్లలం వంత పాడేవాళ్ళం. ఏడుపు రాని పిల్లకి కూడా పాటలో ఏడుపు వచ్చేది. భయపడే పిల్లకి పాటలో భయం పోయేది. అప్పుడే నాకు తెలిసింది, పాట అంటే నలుగురు ఒకేసారి ఊపిరి పీల్చుకోవటమని.

మన పిల్లలకి పాట కొత్తగా ఎవరో వచ్చి నేర్పింది కాదు. చిందు మేళంలో పిల్లలు ఉన్నారు. బైండ్లవాళ్ళ జమిడిక పక్కన పిల్లలు ఉన్నారు. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో నూటయాభై ఏళ్ళ కిందట బాప్టిస్టు మిషను వచ్చాక సండే స్కూళ్ళు వచ్చాయి. గుడి మెట్టు ఎక్కనియ్యని పిల్లలు, బడి అరుగు మీద కూర్చోనియ్యని పిల్లలు చర్చిలో వరసగా నిలబడి కీర్తన పాడారు. మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు నలుగురి ముందు నోరు తెరిచిన మొదటి చోటు చాలా ఊళ్ళల్లో అదే. మహారాష్ట్రలో 1930ల నుంచి భీమ్‌రావు కర్డక్ లాంటివాళ్ళు అంబేడ్కరీ జల్సాలు కట్టుకుని ఊరూరా తిరిగారు. మన దగ్గర గద్దర్‌ని చూసి గోచీ కట్టి, గజ్జె కట్టి, గొంగడి భుజాన వేసి ఎగరని మగపిల్లాడు లేడు. 2023 ఆగస్టు 6న గద్దర్ పోయాడు. అది చుండూరులో మనవాళ్ళని చంపి సంచుల్లో కట్టి కాలవలో పడేసిన తేదీ కూడా. 1991 ఆగస్టు 6. ఆ రోజు వస్తే మా పల్లెలో పిల్లలే పాడతారు.

ఇంత గొప్ప వారసత్వం ఉంది కదా అని పిల్లల్ని మన ఇష్టమొచ్చినట్టు వాడుకోవచ్చా? ఇక్కడే నేను తప్పు చేశాను. ఆ తప్పు మీ ముందు ఒప్పుకోటానికే వచ్చాను.

కొన్నేళ్ళ కిందట ఒక పెద్ద సభకి పిల్లల్ని తీసుకురమ్మన్నారు. పద్దెనిమిది మంది పిల్లలు, ట్రాక్టరు ట్రక్కులో బయలుదేరాం. సాయంత్రం నాలుగింటికి స్టేజీ వెనక కూర్చోబెట్టాను. ఇదిగో పిలుస్తాం, అదిగో పిలుస్తాం అన్నారు. నాయకులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. ఎవరూ తక్కువ మాట్లాడలేదు. పిల్లలకి అన్నం సంగతి ఎవరూ అడగలేదు, నేనూ గట్టిగా అడగలేదు. రాత్రి పదిన్నరకి జనం సగం లేచిపోయాక పిలిచారు. ఒక్క పాట. నాలుగు నిమిషాలు. ఒకాయన మైకు లాక్కుని "పిల్లలు బాగా పాడారు" అన్నాడు. ఇంటికి చేరేసరికి రెండయింది. తెల్లారి బడి. అందులో ఒక పిల్లకి జ్వరం పట్టుకుని వారం తగ్గలేదు.

ఆ పిల్ల తల్లి కూలికి పోయేది. నాకన్నా పెద్దది, అక్కా అని పిలుస్తాను. పొద్దున్నే మా ఇంటి ముందుకొచ్చి నిలబడింది. "ఏమ్మా, నా బిడ్డని ఎవర్నడిగి తీసుకుపోయావు?" అంది. "సభకి అక్కా, మన కోసమే కదా" అన్నాను. "మన కోసం అయితే మీ నాయకుల పిల్లల్ని ఎందుకు తీసుకుపోలా? వాళ్ళ పిల్లలు కాన్వెంటులో నిద్రపోతన్నారు. నా బిడ్డ ట్రక్కులో వణుకుతా వచ్చింది" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆమె మాటలో ఉద్యమానికి వ్యతిరేకం ఏం లేదు. తన బిడ్డని మనిషిగా చూడమంది, అంతే. మనం దొరల్ని అడిగేది కూడా అదే కదా.

ఆ రోజు నుంచి మా పల్లెలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ సభకి పోవాలన్నా ముందు తల్లులు కూర్చుంటారు. ఎప్పుడు పోతారు, ఎప్పుడొస్తారు, ఎవరు తోడు, అన్నం ఎవరు పెడతారు, ఇవి తేలాకే మాట ఇస్తాం. పిల్లలు మొదట పాడాలి, ప్రసంగాలు తర్వాత. ఒప్పుకోకపోతే రాం. రెండు మూడు చోట్ల కోపగించుకున్నారు. కోపం తగ్గాక మళ్ళీ పిలిచారు.

రెండో సంగతి డప్పు. నేను పిల్లల చేత డప్పు పట్టించినప్పుడు మా పెదనాయన అడ్డం తిరిగాడు. "మేం చావుకి వాయించాం, జాతరకి వాయించాం, వాయించమంటే వాయించాం, ఆపమంటే ఆపాం. ఒక పక్కన నిలబడి ఇంత కూడు పెట్టించుకున్నాం. మీ చేతికి పలక ఇచ్చింది ఆ సిర్రా, సిటికెన పుల్లా దించటానికి. మళ్ళీ ఎందుకు ఎత్తిస్తన్నావే?" అన్నాడు. ఇది కూడా కొట్టిపారేసే మాట కాదు. 1994 జూలై 7న ఈదుమూడిలో మొదలైన ఉద్యమం తన పేరే దండోరా అని పెట్టుకుంది. అంటే డప్పు ఊరికి చాటింపు వేసే వెట్టి నుంచి మన హక్కు చాటే గొంతయింది. అది నిజం. కానీ పెదనాయన వీపు మీద పడ్డ దెబ్బలు కూడా నిజం.

చాలా రోజులు మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం. పిల్లలు డప్పు నేర్చుకుంటారు, కావాలన్నవాళ్ళే. మన పాటకే వాయిస్తారు. ఊళ్ళో దొరల ఇంటి చావుకి, ఎమ్మెల్యే గారి స్వాగతానికి, ఓట్ల ఊరేగింపుకి వాయించరు. డబ్బిచ్చినా వాయించరు. ఆడపిల్లలు కూడా పట్టాలి. అప్పుడు పెదనాయనే వచ్చి మంట వేసి, డప్పు కాచి, ఎంత కాగితే ఏ మోత వస్తుందో పిల్లలకి చూపించాడు. నేర్పేవాడు దొరకటం కాదు, ఆయన మనసు మారటమే మాకు పెద్ద పాట.

మాలపల్లె పిల్లలు కూడా మాతో పాడతారు. వర్గీకరణ మీద పెద్దవాళ్ళం మాట మాట అనుకున్నాం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన వారం ఒకరి ఇంటికి ఒకరు పోలేదు. పిల్లల సాధన మాత్రం ఆపలేదు. హక్కుల లెక్క పెద్దవాళ్ళం తేల్చుకోవాలి. ఆ కోపం పిల్లల వరస మధ్యన పెట్టకూడదు.

ఇంకొక సంగతి చెప్పాలి. ఇది మన దేశంది కాదు, మనలాంటివాళ్ళది. అమెరికాలో న్యూయార్కు పట్నంలో హార్లెం అని నల్లవాళ్ళ పేట ఉంది. అక్కడ 1968లో వాల్టర్ టర్న్‌బుల్ అనే నల్లజాతి గాయకుడు ఒక చర్చిలో మగపిల్లల్ని పోగేసి పాట మొదలుపెట్టాడు. అదే బాయిస్ కోయిర్ ఆఫ్ హార్లెం అయింది. పాటతో పాటు చదువు చెప్పారు, తర్వాత ఒక బడే నడిచింది. వీధిలో చెడిపోతారు అన్న పిల్లలు దేశదేశాలు తిరిగి పాడారు. ఎక్కువమంది కాలేజీలకు పోయారు. టర్న్‌బుల్ ఎంతో మంది బతుకులు నిలబెట్టాడు. అది కాదనలేం.

కానీ 2001లో ఒక పిల్లాడు నోరు తెరిచాడు. అక్కడ పనిచేసే ఒక ఉద్యోగి తనని పాడు చేశాడని చెప్పాడు. నడిపేవాళ్ళు వెంటనే అధికారులకి చెప్పలేదు. ఆ మనిషిని పిల్లలకి దూరం పెట్టలేదు. కోర్టులో అతనికి శిక్ష పడింది. సంస్థ పేరు దెబ్బతింది, అప్పులు పెరిగాయి, 2006లో బడి భవనం నుంచి బయటికి పంపారు. 2007లో టర్న్‌బుల్ పోయాడు, ఆ ఏడే బృందం ఆగిపోయింది. నలభై ఏళ్ళ పాట! ఒక పిల్లాడి మాట వినకపోతే ఏమవుతుందో చూడండి.

మనవాళ్ళ పేరు పోతుందని, శత్రువులకి సందు ఇచ్చినట్టు అవుతుందని మనం కూడా దాస్తాం. దాయకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఇట్లాంటిది తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే అదే నేరం. 1098 నెంబరు మన పిల్లలకి పల్లవి వచ్చినట్టు నోటికి రావాలి. దొర చేస్తే అత్యాచారం, మనవాడు చేస్తే పొరపాటు అనే లెక్క మన ఉద్యమంలో ఉండకూడదు.

ఇక నేర్పే పద్ధతి. చిన్న చిన్న సంగతులే, కానీ గొంతులు పాడయ్యేది వీటితోనే.

మనకు అలవాటైన శృతిలో మనం ఎత్తుకుంటాం. పిల్లలు అందుకోలేక అరుస్తారు. అరుపు పాట కాదు. ముందు పిల్లల చేత ఎత్తుకోనియ్యండి, ఆ శృతికి మనం దిగాలి. డప్పు మోత పాటని మింగితే పిల్లలు ఇంకా అరుస్తారు. చరణం వచ్చినప్పుడు డప్పు తగ్గాలి. గంట సాధన చాలు. గొంతు బొంగురుపోతే ఆ రోజు పాట వద్దు.

పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య మగపిల్లల గొంతు పగులుతుంది. మిగతా పిల్లలు నవ్వుతారు. వాడు సిగ్గుపడి రావటం మానేస్తాడు. మానేసినవాడు ఎక్కడికి పోతాడో మీకు తెలుసు. వాడికి డప్పు ఇవ్వండి, లేదా చిన్నవాళ్ళకి మాట నేర్పే పని ఇవ్వండి. గొంతు కుదురుకున్నాక మళ్ళీ పాడతాడు. ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఇంట్లో ఆపుతారు. అప్పుడు ఇంటికి పోయి తల్లితో మాట్లాడాల్సింది మనమే.

మా పిల్లల్లో చాలామంది సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో చదువుతున్నారు. దసరాకి, సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకి వస్తారు. పరీక్షలప్పుడు పాట లేదు, ఏప్రిల్ 14 అయినా సరే. బాబాసాహెబ్ పుట్టినరోజున చదువు మానిపించి పాడిస్తే ఆయన ముందు తలెత్తుకోలేం. పాట అర్థం చెప్పకుండా పాడించకండి. కారంచేడు అని పాడే పిల్లకి కారంచేడు ఎక్కడుందో, ఎందుకు జరిగిందో తెలియాలి. చిన్నపిల్లల చేత చంపుతాం, నరుకుతాం అని పాడించకండి. మన కసి వాళ్ళ నోట్లో పెట్టటం సులువు. వాళ్ళ ప్రశ్న వాళ్ళ నోటితో రానియ్యటం కష్టం. ఆ కష్టం పడదాం.

డబ్బు సంగతి కూడా. పిల్లల పాటకి ఎవరైనా పది రూపాయలు ఇస్తే నోటుబుక్కులో రాయండి, నెలకొకసారి తల్లుల ముందు చదవండి. చదువు రాని తల్లి అడిగినా చూపించండి. సెల్‌ఫోనులో పిల్లల వీడియో తీసి నలుగురికీ పంపే ముందు తల్లిని అడగండి. ఆ వీడియో ఎక్కడికి పోతుందో మన చేతిలో ఉండదు.

చివరి మాట. జ్వరం వచ్చిన ఆ పిల్ల ఇప్పుడు నర్సింగు చదువుతోంది. సెలవులకి వచ్చి చిన్నవాళ్ళకి నేర్పుతుంది. మొన్న ఒక సభ నుంచి పిలుపు వస్తే నేను సరే అనబోయాను. ఆ పిల్ల అడ్డం వచ్చి "అత్తా, అన్నం ఎన్నింటికి పెడతారో ముందు అడుగు" అంది. వాళ్ళమ్మ పక్కనే ఉంది, నవ్వింది. నాకు ఇంతకన్నా పెద్ద సన్మానం అక్కర్లేదు.

పిల్లల గొంతు మన జెండాకి కర్ర కాదు. వాళ్ళ గొంతు వాళ్ళది. దాన్ని కాపాడి వాళ్ళ చేతికి అప్పగించటమే మన పని.

జై భీమ్.