గోడకు పటము కొనువారికి



ఇంటిగోడకు అచ్చుపటములు కొనుటనుగూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. నేను చిత్రకారుడను కాను. కావ్యపాఠములు చెప్పుకొని బ్రతికిన బడిపంతులను. ఐనను రెండు పటములు నాకు రెండు పాఠములు నేర్పినవి.

మొదటిది కరీంనగరమున మా యింట జరిగినది. నా మనుమడు అద్దము, చట్రము అమర్చిన పటమొకటి తెచ్చి ముందుగదిలో తగిలించెను. అందు దేవుడు లేడు, చెట్టు లేదు, చేమ లేదు; ఎరుపు తెలుపుల కాగితము చుట్టిన సూపు డబ్బా యున్నది. "దీనిని చూచి ఆనందింపవలెనా, ఆకలిగొనవలెనా?" అని అడిగితిని. వాడు నవ్వి, "తాతా, మన పూజగదిలోని లక్ష్మీదేవియు అచ్చుబొమ్మయే కదా!" అనెను. నాకు మారుమాట దొరకలేదు.

వాడన్నది నిజమే. రాజా రవివర్మ 1894లో బొంబాయియొద్ద ముద్రణాలయము స్థాపించి, తన చిత్రములకు ప్రతులు తీయించెను. అందుచేతనే సంపన్నుల మందిరములందలి లక్ష్మీసరస్వతులు సామాన్యుల యిండ్లకు వచ్చిరి. మా తల్లి అట్టి పటమునకే జీవితాంతము దీపము పెట్టినది. అచ్చుదని ఆమె భక్తి తరుగలేదు.

సూపు డబ్బాను చిత్రించినవాడు అమెరికా దేశీయుడైన ఆండీ వార్హోల్. 1962లో అతడు 32 డబ్బాలను 32 పటములుగా లాస్ ఏంజిల్స్ నగరమున ప్రదర్శించెను. అంగడి సరకును, పత్రికలలో నిత్యము కనబడు ముఖములను చిత్రవస్తువుగా గ్రహించు ఈ రీతిని పాప్ ఆర్ట్ అందురు. ఒకే రూపము పదేపదే అచ్చగుటయే దానికి విషయము. కావున దాని ప్రతిని కొనుట చిన్నతనము కాదు.

ఇక రెండవ పాఠము. నిర్మల చిత్రమని నమ్మి, చేతిపనికి తగిన వెల యిచ్చి, ఒక దుకాణమున పటము కొని మా అమ్మాయి గృహప్రవేశమునకు కానుకగా నిచ్చితిని. కొంతకాలమునకు భూతద్దముతో చూడగా రంగంతయు సన్నని చుక్కలే! అది అచ్చుప్రతి. పోయినది నా ధనము మాత్రమే కాదు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని నిర్మలయందు నల్లని నేలపై బంగరు వన్నెలు దిద్దు చిత్రకారునికి చేరవలసిన కూలి వేరొకరి పాలయ్యెను. ప్రతిని ప్రతియని అమ్మిన దోషము లేదు; మూలమని అమ్మినచో అది మోసము.

కావున కొనుటకు ముందు పటమును వెలుతురునకు ఏటవాలుగా పట్టి చూడుడు. కుంచె నడిచిన జాడ కనబడునేమో పరీక్షింపుడు. ఇది చేతిపనియా, అచ్చా యని అడిగి, రసీదుపై వ్రాయించుకొనుడు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లియందు 1942లో జన్మించిన తోట వైకుంఠముగారి చిత్రములకు, పెద్ద కుంకుమబొట్టు పెట్టిన మన తెలంగాణ స్త్రీల రూపములకు, ప్రతులు కొనునపుడు చిత్రకారుని అనుమతి కలదాయనియు విచారింపుడు. ఇంటికి తెచ్చిన పటమును ఎండ సోకని, చెమ్మ లేని గోడకు తగిలింపుడు.

మా యింట సూపు డబ్బాయు నున్నది, లక్ష్మీదేవియు నున్నది. అమ్మాయికి మాత్రము ఒక బాకీ మిగిలినది. నిర్మలకు పోయి, వ్రాయుచున్న చేతిని కన్నులార చూచి, చిన్నదైనను ఒక పటము తెచ్చి ఆ బాకీ తీర్చుకొంటిని.

సెలవు.