గుండె వాల్వు ఆపరేషను – నొప్పి బిళ్ళలు



గుండె వాల్వు మార్పించుకొని ఇంటికి వచ్చినవారిలో అనేకమందికి డాక్టర్లు రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వ్రాసి ఇస్తారు. అది నొప్పికి కాదు, కొత్త వాల్వు మీద నెత్తురు గడ్డకట్టకుండా ఉండేందుకు. ఈ సంగతి తెలియకనే చిక్కంతా వస్తున్నది. మోకాలు నొప్పి అనగానే మనం పిల్లవాణ్ణి మందుల షాపుకు పంపి ఏదో ఒక బిళ్ళ తెప్పించుకుంటాము. అందులో ఐబుప్రొఫెన్ ఉన్నదనుకోండి, ఆస్పిరిన్ పనిచేయవలసిన చోట అది ముందే వెళ్ళి కూర్చుంటుంది. ఇక ఆస్పిరిన్ మింగీ ప్రయోజనం తగ్గిపోతుంది. కాంబిఫ్లామ్‌లోనూ 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ ఉన్నది, పేరు చూస్తే తెలియదు! పైగా రెండూ కలిస్తే కడుపులో పుండుపడి నెత్తురు పోవచ్చు. మెకానికల్ వాల్వు ఉండి వార్ఫరిన్, అసిట్రోమ్ వంటివి వాడేవారికి ఈ భయం మరీ ఎక్కువ.

మామూలు నొప్పికి పారాసిటమాల్ నయమని మేము చెప్పగలం. అయితే రోజుల తరబడి వాడితే అదీ వార్ఫరిన్ బలాన్ని పెంచుతుంది, డాక్టరుకు చెప్పాలి. విరేచనం తారులాగా నల్లగా అయితే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు మానవద్దు. షాపుకు పిల్లవాణ్ణి పంపేటప్పుడు రోజూ వాడే మందుల చీటీ కూడా చేతికిచ్చి పంపండి.