కడుపులో పుండు కారం వల్ల వచ్చేది కాదు



పొదుపు లెక్కలు, బ్యాంకు అప్పుల లెక్కలు విన్నాం. ఏ పుస్తకంలోనూ రాయని ఖర్చు ఇంకొకటి ఉంది. గ్యాస్ బిళ్లల ఖర్చు. బొడ్డు పైన మంట, కడుపు ఖాళీ అయితే నొప్పి, అర్ధరాత్రి నిద్ర లేపే నొప్పి మనలో చాలామందికి ఉన్నాయి. ఎవరికి చెప్పుకున్నా "కారం తగ్గించు, టైముకి తిను, దిగులు పెట్టుకోకు" అంటారు. నొప్పీ మనదే, తప్పూ మనదే అన్నట్టు!

ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనుకున్నారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు రోగుల కడుపులో మెలికలు తిరిగిన ఒక క్రిమిని గమనించి, 1982లో దాన్ని ల్యాబులో పెంచారు. దానివల్లే పుండ్లు పడతాయంటే చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ గారు ఆ క్రిమిని కలిపిన నీళ్లు తానే తాగేశారు. కొన్నాళ్లకే వాంతులు మొదలయ్యాయి, కడుపు లోపలి పొర వాచింది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఆ క్రిమి పేరు హెలికోబాక్టర్ పైలోరి. ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. అది ఉన్న అందరికీ పుండు పడదు. పడినవాళ్లకు మాత్రం కారం మానినంత మాత్రాన తగ్గదు. గ్యాస్ బిళ్ల మంటను తగ్గిస్తుంది గానీ క్రిమిని చంపదు. అందుకే డాక్టరు యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే మందు కలిపి, మామూలుగా 14 రోజులు ఇస్తారు. నాలుగు రోజులకే హాయిగా ఉందని ఆపెయ్యకండి. సగం వాయిదాలు కడితే అప్పు తీరుతుందా?

పుండుకు ఇంకో పెద్ద కారణం నొప్పి బిళ్లలు. నాట్లప్పుడు నడుము నొప్పికి, మోకాళ్ల నొప్పికి రోజూ మింగేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

క్రిమి ఉందో లేదో మలం పరీక్షతో, ఊపిరి పరీక్షతో తెలుస్తుంది. అవసరమైతే ఎండోస్కోపీ చేస్తారు. మలం తారులా నల్లగా, జిగటగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా ఒక్క పూట కూడా ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్లండి.

పరీక్షకు డబ్బు లేదని ఏ అక్కా నొప్పిని దాచుకోవద్దు. సంఘంలో అడగండి. మన పొదుపులోంచి మనం అప్పు ఇచ్చుకునేది ఇలాంటి అవసరాలకే కదా.

సెలవు.