వీపు మీద బరువు, కంటి ముందు వెలుగు

ప్రకృతిని ఫోటో తీయడానికి వీపున సంచి తగిలించుకుని కొండలెక్కేవారు ముందు లెన్సులు సర్దుకుంటారు, మిగిలిన చోట్లో బట్టలు కుక్కుతారు. ఈ వరస తిరగబడాలి. ముందు నీళ్లు, తిండి, వాన కోటు. మోయగల బరువులో ఇంకా మిగిలిన దాంట్లోనే కెమెరా. తేలికగా ఉంటే లాభమేమిటో చూడండి. 1981లో టిబెట్‌లోని లాసాలో ఇంద్రధనుస్సు కనిపించినప్పుడు, అది సరిగ్గా పొటాలా ప్యాలెస్ మీద వాలినట్టుండే చోటు కోసం అమెరికన్ ఫోటోగ్రాఫర్ గాలెన్ రోవెల్ పరుగు తీశాడు. అదీ 3,600 మీటర్ల ఎత్తున, గాలి పలచబడే చోట! ఆయన వాడేది తేలికపాటి 35 ఎంఎం కెమెరా. పెద్ద పెట్టె మోస్తూ ఆ పరుగు సాధ్యమేనా?

మరో అమెరికన్ ఫోటోగ్రాఫర్ అన్సెల్ ఆడమ్స్ బరువైన కెమెరాతో, ఫిల్ముకు బదులు వాడే గాజు పలకలతోనే 1927లో యోసెమిటీ కొండ ఎక్కలేదా అంటారేమో. ఎక్కాడు. కానీ హాఫ్ డోమ్ అనే రాతి శిఖరం ఎదుట నిలిచేసరికి మిగిలినవి రెండే పలకలు. మొదటిది పసుపు ఫిల్టర్‌తో తీశాక, ఆకాశం తాను ఊహించినంత నల్లగా రాదని తోచి, ఎర్ర ఫిల్టర్ బిగించి చివరి పలక వాడాడు. పేరొచ్చింది దానికే. మరి పక్షులకు పెద్ద టెలిఫోటో లెన్సు వద్దా? పక్షుల కోసమే వెళ్తుంటే అదొక్కటే తీసుకెళ్లండి, మిగతావి ఇంట్లో ఉంచండి. జలపాతాన్ని పాలధారలా చూపాలంటే ట్రైపాడ్ కావాలి, నిజమే. పట్టపగలు కొండలు తీయడానికైతే కెమెరా ఆనించడానికి బండ మీద మడిచిన తువ్వాలు చాలు. అదనపు బ్యాటరీ మాత్రం మానకండి. చలికి అది నీరసిస్తుంది కాబట్టి చొక్కా లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా పెట్టుకోండి.